బంగారు నానోకణాలు మన శెనక్కాయల దాకా రావాలి

తిరుపతిలో సైన్సు సెమినార్ ఎక్కడ జరిగినా పోస్టర్ల వరసలో బంగారు నానోకణాలు, అంటే మీటరులో వంద కోట్ల వంతైన నానోమీటర్లలో కొలిచేంత చిన్న బంగారు కణాలు, కచ్చితంగా కనిపిస్తాయి. ఒకరు తులసి ఆకు కషాయంతో చేసి ఉంటారు, ఇంకొకరు వేపాకుతో, మరొకరు శేషాచలం మనదే కదా అని ఎర్రచందనం ఆకుతో. కషాయాన్ని బంగారు లవణం కలిపిన నీళ్లలో పోశారు, నీళ్లు ఎర్రబడ్డాయి, ఏ రంగు కాంతిని ఎంత మింగుతుందో కొలిచే స్పెక్ట్రోమీటర్‌లో పెడితే 530 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర గీత పైకి లేచింది, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫోటో తీయించారు, ఆఖర్న ఆ ద్రావణాన్ని ఏదో ఒక కాన్సర్ కణాల మీద పోసి చూశారు. చివర్లో, ఇది కాన్సర్ చికిత్సకి పనికిరావచ్చు అని ఒక వాక్యం. నేను డిగ్రీ పిల్లలకి కెమిస్ట్రీ చెప్తాను. ఆ పోస్టర్ల ముందు నిలబడి పిల్లలతో మాట్లాడటం నాకు ఇష్టం, ఒక్కో ఫోటో కోసం వాళ్లు ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగారో నాకు తెలుసు. అయినా ఈ మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. బంగారు నానోకణాల అసలు బలం వాటి రంగులో ఉంది, ఆ రంగుని కరెంటు, కంప్యూటర్, డాక్టరు ఎవరూ అక్కర్లేకుండా మామూలు మనిషి తన కంటితో చూసి అర్థం చేసుకోగలగడంలో ఉంది. మన కాలేజీలు పట్టుకోవాల్సింది దాన్నే. పట్టుకుని, శెనక్కాయల్లో, పాలలో కంటికి కనిపించని బూజు విషాన్ని కనిపెట్టడానికి మన పొలాల దగ్గరికి, మన పాల కేంద్రాల దగ్గరికి తీసుకెళ్లాలి.

ముందు ఆ రంగు సంగతి చూద్దాం. గాంధీ రోడ్డు నగల షాపుల్లో ఉండే బంగారం, కొండ మీద ఆనంద నిలయం గోపురానికి తాపడం చేసిన బంగారం, రెండూ పసుపే. బంగారంలోని ఎలక్ట్రాన్లు నీలం కాంతిని పీల్చుకుని పై స్థాయికి ఎగురుతాయి, నీలం పోగా తిరిగి వచ్చేది మన కంటికి పసుపుగా కనిపిస్తుంది. అదే బంగారాన్ని కొట్టి కొట్టి 100 నానోమీటర్ల మందం రేకుగా సాగదీసి వెలుతురుకి అడ్డం పెడితే, రేకులోంచి ఇవతలికి వచ్చే కాంతి ఆకుపచ్చగా ఉంటుంది. ఇంకా చిన్నది చేసి 15, 20 నానోమీటర్ల గుండ్రటి కణాలుగా నీళ్లలో నిలబెడితే నీళ్లు కెంపు రంగుకి తిరుగుతాయి. మూడు చోట్లా ఉన్నది ఒకటే లోహం. 20 నానోమీటర్ల కణంలో దాదాపు రెండున్నర లక్షల బంగారు పరమాణువులు ఉంటాయి, అవన్నీ నగలో ఉన్న పరమాణువుల్లాంటివే. మారింది సైజు మాత్రమే.

సైజు మారితే రంగెందుకు మారాలి? బంగారంలో ఏ పరమాణువుకీ కట్టుబడి ఉండని ఎలక్ట్రాన్లు చాలా ఉంటాయి. కాంతి అంటే ఊగే విద్యుత్ క్షేత్రం కాబట్టి, అది కణం మీద పడినప్పుడు ఆ ఎలక్ట్రాన్లన్నీ కలిసి ఒక పక్కకి ఒరుగుతాయి, వెనక ఉన్న ధనావేశం వాటిని మళ్లీ లాగుతుంది, అలా అటూ ఇటూ ఊగుతాయి. నిండు బిందె నడుం మీద పెట్టుకుని నడిచేటప్పుడు ఒక్కో నడకకి నీళ్లు ఊరికే కదులుతాయి, ఒకానొక నడకకి మాత్రం బిందె ఊపూ అడుగూ కలిసి నీళ్లు బయటికి తొణుకుతాయి. ఎలక్ట్రాన్ల ఊపుకీ కాంతి ఊపుకీ అలా కలిసే చోటు, నీళ్లలో ఉన్న చిన్న బంగారు గుండ్లకి, 520 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఉంటుంది. అది ఆకుపచ్చ కాంతి. ఆ కాంతిని కణాలు మింగేస్తాయి, మింగగా మిగిలిన ఎరుపు మనకి కనిపిస్తుంది. దీన్నే ప్లాస్మాన్ రెజొనెన్స్ అంటారు. మింగడం కూడా మామూలుగా ఉండదు. 13 నానోమీటర్ల బంగారు కణం ఒక్కటి, బట్టలకో సిరాకో వాడే రంగు అణువు ఒక్కదానికంటే వెయ్యి రెట్లకి పైగా కాంతిని పట్టుకుంటుంది. అందుకే చాలా తక్కువ బంగారంతోనే కంటికి ఆనేంత రంగు వస్తుంది. ఎండకి వెలిసిపోదు కూడా. ఫ్లోరసెంట్ రంగులు కాసేపు లేజర్ కింద పెడితే చచ్చిపోతాయి, బంగారం అలాగే ఉంటుంది.

ఇది కొత్తగా కనిపెట్టినదేం కాదు. లండన్‌లో మైఖేల్ ఫారడే 1857లో బంగారానికీ కాంతికీ ఉన్న సంబంధం మీద ప్రసంగం చేశాడు. బంగారు లవణాన్ని ఫాస్ఫరస్‌తో క్షయకరణం చేసి ఎర్రటి ద్రవం తీశాడు, అందులో కంటికి కనిపించనంత చిన్న బంగారు ముక్కలు ఉండాలని వాదించాడు. ఆ ముక్కల్ని చూసే సాధనం అప్పటికి లేదు. ఆయన చేసిన సీసాలు రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇప్పటికీ ఉన్నాయి, ఇప్పటికీ ఎర్రగానే. 1908లో గుస్టావ్ మీ అనే జర్మన్ భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ సమీకరణాలని గుండ్రటి కణానికి వర్తింపజేసి ఈ ఎరుపుకి లెక్క చెప్పాడు. మామూలు మైక్రోస్కోపుకి అందని కణాల్ని చూపే అల్ట్రామైక్రోస్కోప్ సాయంతో ఇలాంటి ద్రావణాల గుట్టు విప్పిన జిగ్మాండీకి 1925 రసాయన శాస్త్ర నోబెల్ దక్కింది. మనం ఈ రోజు కాలేజీల్లో వాడే సిట్రేట్ పద్ధతి టర్కెవిచ్ బృందం 1951లో వివరించినది. సిట్రేట్ మోతాదు మారిస్తే సైజు మారుతుందని 1973లో ఫ్రెన్స్ చూపించాడు.

ఆ పద్ధతి ఒకసారి దగ్గరగా చూస్తే ఎవరైనా దీనికి అభిమానులైపోతారు. గాజు ఫ్లాస్కుని ముందు ఆక్వా రీజియాతో, అంటే ఒక పాలు నైట్రిక్ ఆమ్లం, మూడు పాళ్లు హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడగాలి, లేకపోతే గోడలకి అంటుకున్న మురికి మీదే బంగారం గడ్డకడుతుంది. బంగారం ఉన్న క్లోరో ఆరిక్ ఆమ్లం కలిపిన లేత పసుపు నీళ్లు తెర్లుతుండగా, కలియబెడుతూ, సోడియం సిట్రేట్ ద్రావణం ఒక్కసారిగా పోస్తాం. మొదట ఆ పసుపు పోయి నీళ్లు తేటగా అయిపోతాయి, చూసేవాళ్లకి అంతా చెడిపోయిందనిపిస్తుంది. తర్వాత బూడిద రంగు, ఆ వెంటనే సిరా నలుపు, నలుపులోంచి ఊదా, ఊదాలోంచి మెల్లగా ఎరుపు. ఇదంతా నిమిషాల్లో జరిగిపోతుంది. చల్లారాక చిన్న గ్లాసులో కాస్త తీసుకుని చిటికెడు ఉప్పు వేస్తే ఎరుపు కాస్తా నీలానికి తిరుగుతుంది, గంటలు గడిస్తే అడుక్కి నల్లటి మడ్డి దిగుతుంది. సిట్రేట్ వల్ల కణాలన్నిటికీ రుణావేశం ఉండి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ దూరంగా ఉంటాయి. ఉప్పు ఆ నెట్టుడుని కప్పేస్తుంది, కణాలు దగ్గరికి వచ్చేస్తాయి, ఒకదాని ఎలక్ట్రాన్ల ఊపు పక్కదానికి తగులుతుంది, మింగే కాంతి ఆకుపచ్చ నుంచి ఎరుపు వైపు జరుగుతుంది. ఎర్రకాంతి పోతే మనకి నీలం మిగులుతుంది. ఈ ఉప్పు ప్రయోగం దగ్గర ఆగండి, మళ్లీ దీనికే వస్తాను, ఎందుకంటే నా వాదన బరువంతా దీని మీదే ఉంది.

జీవశాస్త్రంలో ఈ రంగుని వాడుకునే దారులు చాలానే ఉన్నాయి. కణం చిన్నదైతే కాంతిని మింగి వేడిగా మారుస్తుంది, పెద్దదైతే వెదజల్లుతుంది. మింగడం ఘనపరిమాణంతో పెరుగుతుంది, వెదజల్లడం దాని వర్గంతో పెరుగుతుంది, అందుకని సైజు రెట్టింపైతే మింగడం 8 రెట్లు, వెదజల్లడం 64 రెట్లు. కాబట్టి మైక్రోస్కోపులో మెరిసే చుక్కల్లా కనిపించాలంటే పెద్ద కణాలు కావాలి, వేడి పుట్టించాలంటే చిన్నవి. 2005లో జార్జియా టెక్‌లో ముస్తఫా ఎల్ సయ్యద్ బృందం బంగారు కణాలకి యాంటీబాడీ, అంటే ఒకానొక పదార్థాన్ని మాత్రమే వెతికి పట్టుకునే ప్రోటీన్, తగిలించి నోటి కాన్సర్ కణాల మీద వేస్తే, అవి మామూలు కణాలకంటే కాన్సర్ కణాలకే ఎక్కువగా అంటుకుని డార్క్ ఫీల్డ్ మైక్రోస్కోపులో వెలిగాయి. ఇక ఆకారం మారిస్తే ఇంకో దారి తెరుచుకుంటుంది. గుండుని కడ్డీగా సాగదీస్తే పొడవు వెంట ఊగే ఎలక్ట్రాన్లు 700, 800 నానోమీటర్ల దగ్గర కాంతిని పట్టుకుంటాయి, అంటే కంటికి కనిపించే ఎరుపు దాటిపోయాక. శరీరంలోకి కాంతి కాస్తయినా లోతుగా దిగేది అక్కడే. అంతకంటే తక్కువ తరంగదైర్ఘ్యం దగ్గర రక్తంలోని హిమోగ్లోబిన్ అడ్డుపడుతుంది, బాగా ఎక్కువ దగ్గర నీళ్లు మింగేస్తాయి.

ఇక్కడే కాన్సర్ ఆశ మొదలైంది. గడ్డలోకి కణాలు చేర్చు, బయటినుంచి లేజర్ వెయ్యి, కణాలు వేడెక్కి గడ్డని కాల్చేస్తాయి. ఆలోచన అందమైనది, పని కూడా చేస్తుంది. అమెరికాలో రైస్ యూనివర్సిటీకి చెందిన నవోమి హాలస్, జెనిఫర్ వెస్ట్‌లు సిలికా గుండు మీద పల్చటి బంగారు పొర వేసిన కణాలతో 2003లో దీన్ని ఎలుకల్లో చూపించారు, ప్రోస్టేట్ కాన్సర్ ఉన్న 16 మంది మగవాళ్ల మీద చేసిన తొలి ప్రయత్నం ఫలితాలు వచ్చింది 2019లో. ఎలుక నుంచి మనిషి దాకా 16 ఏళ్లు. ఇంజెక్షన్ ఇచ్చిన నానోకణాల్లో గడ్డ దాకా చేరేది ఎంత అని పదేళ్ల పేపర్లన్నీ కలిపి 2016లో లెక్కగడితే మధ్యస్థ విలువ 0.7 శాతం వచ్చింది. మిగతాదాంట్లో చాలా భాగం కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి, బంగారం కరగదు కాబట్టి అక్కడ చాలాకాలం ఉండిపోతుంది. కడ్డీల తయారీలో వాడే సీటాబ్ అనే సబ్బులాంటి పదార్థం శరీరంలోని జీవకణాలకే విషం, దాన్ని పూర్తిగా కడగాలి. ఈ అడ్డంకులన్నీ దాటడానికి జంతుశాల కావాలి, లేజర్ కావాలి, ఆంకాలజిస్టు కావాలి, పదేళ్లు ఆగకుండా వచ్చే డబ్బు కావాలి. అవి ఉన్న సంస్థలు చెయ్యాలి, చెయ్యొద్దని నేను అనడం లేదు. ఆకు కషాయంతో ఒక బ్యాచ్ చేసి, ప్లేట్లో పెంచిన కాన్సర్ కణాల మీద పోసి, అవి సగం చచ్చాయని రాస్తే మాత్రం ఆ దారిలో ఒక్క అడుగు కూడా పడదు. ప్లేట్లో కాన్సర్ కణాన్ని చంపడానికి ఉప్పు ఎక్కువైనా చాలు.

ఆకు కషాయం గురించి ఇంకో మాట, ఇది కొందరు మిత్రులకి నచ్చకపోవచ్చు. కషాయంలో ఏముందో మనకి పూర్తిగా తెలియదు, వానాకాలం ఆకు వేరు, మే నెల ఆకు వేరు. కణాలు రకరకాల సైజుల్లో, రకరకాల ఆకారాల్లో వస్తాయి. స్పెక్ట్రోమీటర్ ఆ సంగతి దాచకుండా చెప్తుంది, గీత నిటారుగా లేవకుండా పొట్ట వెడల్పై కుడివైపుకి సాగుతుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫోటోలో అందంగా ఉన్న మూల ఒకటి ఎంచుకోవచ్చు, స్పెక్ట్రమ్‌లో అలా ఎంచుకోవడం కుదరదు, అందులో గ్లాసులోని కణాలన్నీ ఒకేసారి కనిపిస్తాయి. నేను పోస్టర్ ముందు నిలబడి మొదట చూసేది ఆ గీత వెడల్పునే. తర్వాత అడిగేది, వచ్చే నెల ఇదే ఆకుతో చేస్తే ఇదే గీత వస్తుందా అని. చాలామంది పిల్లలు తలదించుకుంటారు, వాళ్లని రెండోసారి చెయ్యమని ఎవరూ అడగలేదు కాబట్టి. తప్పు వాళ్లది కాదు.

స్వర్ణభస్మం మాట కూడా ఎత్తాలి, తిరుపతిలో ఈ విషయం మాట్లాడితే ఎవరో ఒకరు అడుగుతారు. మన వైద్యులు వందల ఏళ్లుగా బంగారాన్ని పుటాలు వేసి భస్మం చేస్తున్నారు, అందులో ఉన్నది ప్రధానంగా లోహ రూపంలోని బంగారమేనని, పదుల నానోమీటర్ల స్ఫటికాలుగా ఉందని పరీక్షల్లో తేలింది కూడా. ఆ నేర్పుకి నేను మనస్ఫూర్తిగా దండం పెడతాను. కానీ ఆ స్ఫటికాలు ఒకదానికొకటి అతుక్కుని పెద్ద ముద్దలుగా ఉంటాయి, నీళ్లలో వేస్తే కెంపు రంగు రాదు, అడుక్కి దిగుతుంది. పైన చెప్పిన ఊపు, కాంతిని పట్టే గుణం, విడివిడిగా నిలబడి ఉన్న కణాలది. ల్యాబులో కాన్సర్ కణాన్ని వెలిగించిన ఫోటో చూపించి భస్మం గొప్పదనటం గానీ, నానో గోల్డ్ అని పేరు పెట్టి ముఖానికి రాసే క్రీము అమ్మటం గానీ కుదరని లెక్కలు. భస్మం మందుగా పనిచేస్తుందా అన్నది రోగుల మీద పద్ధతిగా పరీక్షించి తేల్చాల్సిన విషయం, దానికి ఈ రంగుతో సంబంధం లేదు.

మరి ఈ రంగు నిజంగా ఎక్కడ గెలిచింది? మెడికల్ షాపులో దొరికే ప్రెగ్నెన్సీ కిట్‌లో. ఆ గీత గులాబీ ఎరుపులో ఉంటే అది దాదాపుగా బంగారమే. కోవిడ్ రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టి చేసిన ర్యాపిడ్ టెస్టుల్లో చాలావాటిలో ఉన్నది కూడా బంగారమే. వానలు పడ్డాక డెంగీ మొదలైతే చేసే స్ట్రిప్పులు, మలేరియా స్ట్రిప్పులు చాలావరకు అంతే. క్లాసులో ఒకసారి వాడని కిట్ ఒకటి బ్లేడుతో విప్పి బల్ల మీద పరిచాను. చిన్న ప్లాస్టిక్ డబ్బీలో పొడవాటి కాగితం పట్టీ, ఒక చివర చుక్క వేసే మెత్త, దాని పక్కన ముదురు ఎరుపులో ఆరిపోయి ఉన్న ఇంకో చిన్న మెత్త, మధ్యలో తెల్లటి నైట్రోసెల్యులోజ్ పొర, అవతలి చివర తడి పీల్చే అట్ట. ఎర్ర మెత్త మీద ఒక చుక్క నీళ్లు వేస్తే ఆరిన ఎరుపు కరిగి పొర మీద పాకడం మొదలుపెట్టింది, పిల్లలందరూ తలలు వంచి చూశారు. ఆ ఎరుపంతా సాధారణంగా 40 నానోమీటర్లు ఉండే బంగారు కణాలు, ఒక్కోదానికి యాంటీబాడీలు అంటించి ఉంటాయి. మూత్రంలోనో రక్తంలోనో వెతికే ప్రోటీన్ ఉంటే అది ఇటు బంగారానికీ అటు పొర మీద గీసిన గీతకీ మధ్యలో ఇరుక్కుంటుంది, బంగారం అక్కడ పోగుపడుతుంది, గీత ఎర్రబడుతుంది.

"సార్, నిజంగా బంగారమే అయితే ఖరీదు ఎక్కువ పడదా?" అని ఒకమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. ఒక గ్రాము బంగారాన్ని 40 నానోమీటర్ల గుండ్లుగా చేస్తే దాదాపు 15 కోట్ల కోట్ల కణాలు వస్తాయి. స్ట్రిప్పులో పడే బంగారం గ్రాములో లక్షల వంతు లెక్క. ఖరీదంతా యాంటీబాడీది, తయారీలో ప్రతి స్ట్రిప్పూ ఒకేలా వచ్చేట్టు చూసుకోవడానిది.

ఇప్పుడు మన శెనక్కాయల దగ్గరికి వద్దాం. చిత్తూరు వైపు వర్షాధారంగా వేరుశనగ వేసేవాళ్లకి తెలుసు, జూన్, జూలైలో విత్తనం, అక్టోబర్, నవంబర్లో పెరుకుడు, సరిగ్గా ఈశాన్య రుతుపవనాల వానలు పడే రోజులు. కాయ ఊరే సమయంలో బెట్ట, పెరికిన కట్టె మీద వాన. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజుకి ఈ రెండూ కావలసినవే. అది అఫ్లటాక్సిన్ అనే విషం చేస్తుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్ష టర్కీ కోళ్లకి పైగా చచ్చిపోతే, కారణం వెతికినవాళ్లకి దాణాలో కలిపిన వేరుశనగ చెక్క దొరికింది, ఈ విషం లోకానికి తెలిసింది అలా. మన దేశంలో 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు పల్లెల్లో బూజుపట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయారు. అంత మోతాదు ఎప్పుడో తప్ప రాదు, కొంచెం కొంచెంగా ఏళ్ల తరబడి తింటే మాత్రం కాలేయ కాన్సర్‌కి దారి తీస్తుంది. కాన్సర్ మీద పనిచెయ్యాలన్న తపన ఉన్న పిల్లలకి నేను చూపించేది ఈ కాయనే. వేరుశనగ చెక్క తిన్న ఆవు పాలలోకి ఈ విషం కాస్త రూపం మార్చుకుని వస్తుంది, పాల మీద బతికే జిల్లా మనది. మన దగ్గర పాలలో దీనికి హద్దు కిలోకి 0.5 మైక్రోగ్రాములు, యూరప్‌లో అందులో పదో వంతు. కంటితో, నాలుకతో దీన్ని పట్టుకోలేం. బూజు కనిపించని కాయలోనూ ఉండొచ్చు.

బంగారు కణాలతో చేసిన అఫ్లటాక్సిన్ స్ట్రిప్పులు ఉన్నాయి, కొత్తగా కనిపెట్టక్కర్లేదు. ఎగుమతిదారులు, పెద్ద మిల్లులవాళ్లు వాడతారు. రైతు వైపున, ఊళ్లో గానుగ వైపున, పల్లెలో పాలు పోసే చోట అవి కనిపించవు. అక్కడిదాకా ఎందుకు రాలేదన్నది ఆలోచిస్తే పరిశోధన చెయ్యాల్సిన చోట్లు ఒక్కొక్కటే బయటపడతాయి. మొదటిది, గీత చదవడం తలకిందులు. అఫ్లటాక్సిన్ చాలా చిన్న అణువు, రెండు యాంటీబాడీల మధ్య ఇరుక్కునేంత చోటు దానిలో ఉండదు. అందుకని పొర మీది గీతలో ముందే ఈ విషాన్ని అంటించి పెడతారు, శాంపిల్‌లో విషం ఉంటే బంగారం మీది యాంటీబాడీలు దానికే చిక్కి గీత మాయమవుతుంది, లేకపోతే గీత వస్తుంది. కోవిడ్ కిట్ చూసి అలవాటుపడ్డ మా బావమరిదికి నేను ఈ సంగతి చెప్తే, "అంటే రెండు గీతలుంటే మంచిదా బావా? మా ఊళ్లో అందరూ ఉల్టాగా చదువుతారు" అన్నాడు. నిజమే, అదే జరుగుతుంది, మంచి కాయని పారబోసి చెడ్డది సంచికెత్తుతారు. రెండోది, పొడి చేసిన శెనక్కాయ గింజల్లోంచి విషాన్ని బయటికి లాగడానికి మిథనాల్ అనే విషపు ద్రావకం వాడతారు, మిథనాల్ పల్లెలో పెట్టుకునే వస్తువు కాదు. మూడోది, మన ఎండలు. 40 డిగ్రీలు దాటే గదిలో నెలల తరబడి ఉన్న స్ట్రిప్పులో బంగారానికి ఏమీ కాదు, దానికి అంటించిన యాంటీబాడీ పాడవుతుంది. నాలుగోది అన్నిటికంటే పెద్దది, శాంపిల్. బస్తాలో విషం సమానంగా ఉండదు, కొద్ది గింజల్లో విపరీతంగా ఉండి మిగతావి శుభ్రంగా ఉంటాయి. గుప్పెడు తీసి పరీక్ష చేస్తే వచ్చే జవాబుకి విలువ లేదు. కిలోల కొద్దీ తీసి, ఆడించి, కలిపి, అందులోంచి తీయాలి. ఇందులో నానో ఏమీ లేదు, అయినా ఇది సరిగ్గా చెయ్యకపోతే పైనున్న నానో అంతా వృథా.

ఇక్కడ ఉప్పు ప్రయోగానికి వస్తాను. యాంటీబాడీకి బదులు ఆప్టమర్ అనే చిన్న డీఎన్ఏ పోగు వాడొచ్చు, అఫ్లటాక్సిన్‌ని పట్టుకునే పోగులు ఉన్నాయి, ఎండకి యాంటీబాడీ కంటే బాగా తట్టుకుంటాయి. ఈ పోగు ఒంటరిగా ఉన్నప్పుడు బంగారు కణాన్ని చుట్టుకుని కాపాడుతుంది, ఉప్పు వేసినా ద్రావణం ఎర్రగానే ఉంటుంది. విషం ఉంటే పోగు దాన్ని పట్టుకుని బంగారాన్ని వదిలేస్తుంది, ఇప్పుడు ఉప్పు వేస్తే నీలం. 2008లో చైనాలో పసిపిల్లల పాలపొడిలో మెలమైన్ కలిపిన సంగతి బయటపడ్డాక దాన్ని పట్టుకోవడానికి వచ్చిన పద్ధతుల్లోనూ ఎరుపు నుంచి నీలానికి మారే ఈ కిటుకే ఉంది. ఒక డిగ్రీ కాలేజీ ల్యాబులో చెయ్యగలిగిన పని ఇది, స్పెక్ట్రోమీటర్ ఉంటే చాలు. కానీ శుభ్రమైన నీళ్లలో పనిచేసినంత తేలిగ్గా శెనక్కాయ గింజల్లోంచి తీసిన రసంలో పనిచెయ్యదు, అందులోని ప్రోటీన్లు, నూనె కూడా కణాలకి అంటుకుని వాటిని కాపాడతాయి, విషం ఉన్నా ఎర్రగానే ఉండిపోయి మోసం చేస్తుంది. ఈ చిక్కు ఎలా విప్పాలి? రసాన్ని ఎంత పలచన చెయ్యాలి, నూనె ఎలా తీసెయ్యాలి, నారాయణి రకం గింజకీ ధరణి రకం గింజకీ తేడా వస్తుందా? ఆ రెండు రకాలూ తిరుపతి వ్యవసాయ పరిశోధన స్థానంలో పుట్టినవే, గింజ కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు.

"స్ట్రిప్పు మార్కెట్లో ఉన్నదే కదా, ఇంకేం పేపర్ వస్తుంది" అని ఒక ప్రొఫెసర్ మిత్రుడు అన్నాడు. ఎనభయ్యో ఆకు మీద పేపర్ వస్తున్నప్పుడు, మిథనాల్ లేకుండా అఫ్లటాక్సిన్ లాగడం మీద, మండే ఎండలో నెలలు నిలిచే మెత్త మీద, సెల్‌ఫోన్ కెమెరాతో గీత ముదురుని కొలవడం మీద పేపర్ రాదా? వస్తుంది. పైగా ఆ పిల్లాడు ఉద్యోగానికి పోయినప్పుడు చేతిలో ఒక విద్య ఉంటుంది, డయాగ్నొస్టిక్ కంపెనీలకి కావలసింది కణానికి యాంటీబాడీ సరిగ్గా అంటించగలిగినవాళ్లు, బ్యాచ్ బ్యాచ్‌కీ ఒకే రంగు తేగలిగినవాళ్లు.

ఈ ఏడాది మా ఫైనలియర్ ప్రాజెక్టుల్లో ఆకులు లేవు. సిట్రేట్ బంగారం చేసి, మూడు వేర్వేరు వారాల్లో చేసిన బ్యాచ్‌ల గీతలు ఒకదాని మీద ఒకటి పడేదాకా చేస్తారు, తర్వాత విషం లేని శెనక్కాయ రసంలో ఉప్పుకి ఎలా తిరుగుతుందో కొలుస్తారు. విషం శాంపిల్‌ని డిగ్రీ పిల్లల చేతికి ఇవ్వను, అది కాన్సర్ తెచ్చే పదార్థం, గ్లౌజులు, ఫ్యూమ్ హుడ్, బ్లీచింగ్‌తో కడిగే ఏర్పాటు ఉన్న పెద్ద ల్యాబులో, తెలిసినవాళ్ల పక్కన మాత్రమే ఆ భాగం చెయ్యాలి. మాకు ఇప్పుడు కావలసింది రకరకాల కాయ. చంద్రగిరి, పీలేరు, కలికిరి వైపు నిల్వ కాయలున్నవాళ్లు ఎవరైనా ఇవ్వగలిగితే గుప్పెడు వద్దు, బస్తాలో పైన, మధ్యలో, అడుగున తీసి కలిపిన రెండు మూడు కిలోలు ఇవ్వండి. దాంతోపాటు కాయ ఏ నెలలో పెరికారు, పెరికాక వాన తగిలిందా, ఎన్నాళ్లు ఎండబెట్టారు, గోతాంలో పెట్టారా ప్లాస్టిక్ సంచిలో పెట్టారా అన్నది ఒక చీటీ మీద రాసి సంచిలో వెయ్యండి.